ముప్ఫయ్యో పుట్టినరోజు 1731 మీటర్ల ఎత్తులో

జర్మనీలో పుట్టినరోజు శుభాకాంక్షలు గంట ముందు చెప్పినా అరిష్టమంటారు. ఇంజినీర్ల దేశమని పేరుపడ్డ చోట ఈ ఒక్క సంగతిలో మాత్రం అందరూ మన బామ్మల్లాగే మాట్లాడతారు. చిక్కంతా గడియారంతో వచ్చింది. సెప్టెంబరులో మ్యూనిక్‌కీ హనుమకొండకీ మూడున్నర గంటల తేడా. మా ఇంట్లో అర్ధరాత్రి పన్నెండయ్యేసరికి ఇక్కడ ఇంకా ముందురోజు రాత్రి ఎనిమిదిన్నరే. అమ్మా నాన్నా, చిన్నమ్మ, మేనమామలు, వాట్సాప్ గ్రూపులో ఏడాదంతా నోరు విప్పని ఇంటర్ స్నేహితులు, అందరూ ఒక్కసారే ఫోన్ మీద పడ్డారు. నాతో ఫ్లాట్ పంచుకునే బ్రెమెన్ అమ్మాయి రెండు చెవులూ మూసుకుని వంటింట్లోంచి బయటికి నడిచింది.

నడిచిందల్లా గుమ్మం దగ్గర ఆగి ఇంకో మాట చెప్పింది. వాళ్ల ఊళ్లో పెళ్లికాకుండా ముప్ఫై నిండిన మగవాళ్లు పెద్ద చర్చి మెట్లు ఊడవాలట. స్నేహితులు సీసా మూతలు గుప్పిళ్లతో చల్లుతూనే ఉంటారు, ఏ అమ్మాయో వచ్చి ముద్దు పెట్టేదాకా చీపురు దించకూడదు. ఆడవాళ్లకైతే తలుపు పిడులు తోమే శిక్ష. ముప్ఫై నాకు ఆ రాత్రే నిండుతోంది. ఈ సంగతి మా పెద్ద మామయ్య చెవిన పడకుండా చూసుకున్నాను. పడితే పీతాంబరి పొడి పార్సిల్ చేసేవాడు.

ఇవన్నీ సరదాలు. ఇక్కడ పుట్టినరోజుకు ఉన్న అసలు కట్టుబాటు వేరు. పుట్టినరోజు ఎవరిదో వాళ్లే కేకు తేవాలి. ఆఫీసులో ఎవరూ చందాలు పోగుచేయరు, ఆశ్చర్యపరచరు. ఆ మనిషే ఇంట్లో కేకు చేసుకుని వచ్చి, వంటగదిలో పెట్టి, అందరికీ ఒక మెయిల్ కొడతాడు. హోటల్‌కు పిలిచినవాడే బిల్లు కడతాడు. మన దగ్గర పుట్టినరోజు పిల్లాడు పెళ్లికొడుకులా కూర్చుంటాడు, చేసేవాళ్లు చేస్తారు. హాస్టల్లోనైతే అర్ధరాత్రి తలుపులు బాది, కేకులో సగం మొహానికి పూసి వెళ్తారు. ఆ లెక్కలో పెరిగి ఇక్కడికి వచ్చిన కుర్రాళ్లూ అమ్మాయిలూ మొదటి ఏడాది ఎవరైనా ఏదైనా చేస్తారేమోనని చూస్తారు. ఎవరూ చేయరు. తెల్లవాళ్లకు ప్రేమ లేదని తేల్చేసుకుని, రాత్రి ఇంటికి వీడియో కాల్ చేసి ఏడుస్తారు. వీళ్లు పిలవలేదు కాబట్టి అవతలివాళ్లు రాలేదు, అంతే. పిలవకుండా వెళ్లడం ఇక్కడ మర్యాద కాదు.

ఇది మొదట్లో మొరటుగా అనిపిస్తుంది. నాకైతే రానురాను ఇందులో పరదేశికి పనికొచ్చే సుగుణం కనిపించింది. కొత్త ఊళ్లో మనిషికి కావలసిందల్లా నలుగురిని పిలవడానికి ఒక సాకు. ఆ సాకు ఏడాదికోసారి మనమేమీ చేయకుండానే వస్తుంది. మన పుట్టినరోజున పిలిస్తే ఎవరూ ఎందుకని అడగరు. ముఖపరిచయం ఉన్నవాళ్లు కూడా వస్తారు.

పిలవడం సరే, ఎక్కడికి? సెప్టెంబరు చివరి శనివారం మ్యూనిక్‌లో ఆక్టోబర్‌ఫెస్ట్ నడుస్తుంటుంది. పేరులో ఆక్టోబరు ఉన్నా ఆ జాతర మొదలయ్యేది సెప్టెంబరులోనే. హోటళ్లలో చోటుండదు. మా ఫ్లాట్‌లో ఆరుగురు కూర్చుంటే ఏడో మనిషి బాత్‌టబ్‌లో కూర్చోవాలి. కొండలకు మాత్రం అద్దె లేదు. బవేరియా రాజ్యాంగం 141వ అధికరణం అడవుల్లో, కొండ పచ్చికల్లో తిరిగే హక్కు అందరికీ ఇస్తోంది. ఆ ఊరి వాడుక మేరకు అడవిపళ్లు కోసుకోవచ్చని కూడా అందులో రాసుకున్నారు. 1946లో, ఊళ్లు బాంబులకు కూలి, జనం తిండికి వెతుక్కుంటున్న రోజుల్లో రాసిన రాజ్యాంగమిది. అటువంటి రోజుల్లో అడవిపళ్ల మాట గుర్తుపెట్టుకున్నవాళ్లంటే నాకు గౌరవం.

ఎంచుకున్న కొండ హెర్ట్‌సోగ్‌ష్టాండ్, 1731 మీటర్లు. ఆల్ప్స్ లెక్కల్లో చిన్నదే. జర్మనీలో అన్నిటికన్నా ఎత్తైన త్సుగ్‌ష్పిట్సె 2962 మీటర్లు, దాన్ని చూడటానికి ఇది మంచి బాల్కనీ. మ్యూనిక్ నుంచి కోహెల్ దాకా గంటకు కాస్త పైగా లోకల్ రైలు, అక్కడినుంచి బస్సు. 2023 మేలో 49 యూరోలకు మొదలైన నెలవారీ డోయిచ్‌లాండ్ టికెట్ ఇప్పుడు ప్రియమైనా, లోకల్ రైళ్లకూ బస్సులకూ అదొక్కటి చాలు. ఆ ఉదయం స్టేషన్లో తోలు నిక్కర్ల మగవాళ్లూ కుచ్చుల గౌన్ల ఆడవాళ్లూ రైళ్లలోంచి కుప్పలుగా దిగుతున్నారు, బీరు గుడారాల వైపు. మేం వీపున సంచులతో ఎదురు దారిలో తోసుకుంటూ వెళ్లాం.

మేమంటే ఎవరో చెప్పాలి. ఫోక్స్‌హోక్షూలె అని ఇక్కడ ఊరూరా ప్రజల కోసం నడిచే విద్యాకేంద్రాలుంటాయి. సాయంత్రాలు జర్మన్ నేర్పుతారు, కుట్టుపని నేర్పుతారు, యోగా కూడా నేర్పుతారు. నా జర్మన్ తరగతిలో దొరికినవాళ్లే వీళ్లు. ఖార్కివ్ నుంచి యుద్ధం వల్ల వచ్చేసిన లెక్కల టీచరమ్మ, అరవైకి దగ్గర. రెసీఫె నుంచి వచ్చిన బ్రెజిల్ కుర్రాడు, హోటల్లో వంటవాడు. వయొలిన్ చదువుకుంటున్న కొరియా అమ్మాయి. వీళ్లకు తోడు మా బ్రెమెన్ పిల్ల, ఇంకా గుంటూరు నుంచి మాస్టర్స్‌కు వచ్చి నన్ను అక్కా అని పిలిచే తమ్ముడొకడు. వీసా కోసం 11,904 యూరోలు బ్యాంకులో కట్టేసి, అందులోంచి నెలకు 992 చొప్పున తీసుకుంటూ బతికే విద్యార్థి. టికెట్ ఉంది కదా, కొండ ఉచితమే కదా అని ముందు చేయి ఎత్తింది వాడే. తెల్లటి స్పోర్ట్స్ షూస్ వేసుకొచ్చింది కూడా వాడే.

వాడి బూట్లు చూసి బ్రెమెన్ అమ్మాయి అక్కడే పాఠం మొదలుపెట్టింది. ఆమె కోపం న్యాయమైనదే. మన పిల్లలు తిరుమల అలిపిరి దారిలో 3550 మెట్లూ వట్టి కాళ్లతో ఎక్కామన్న ధీమాతో ఆల్ప్స్‌కు వస్తారు. అక్కడ మెట్లుంటాయి, పైన కప్పుంటుంది, అడుగడుగునా మజ్జిగమ్మేవాళ్లుంటారు. ఇక్కడ తడి వేర్లు, జారే సున్నపురాయి, అరగంటలో మారిపోయే ఆకాశం. సెప్టెంబరులోనే మంచు పడే ఏళ్లున్నాయి. పసుపు బోర్డుల మీద దూరం కిలోమీటర్లలో ఉండదు, గంటల్లో ఉంటుంది. దారి కష్టం రంగుల్లో చెబుతారు. నీలం తేలిక, ఎరుపు ఓ మోస్తరు, నలుపు అనుభవం ఉన్నవాళ్లకే. ప్రమాదం వస్తే 112. ఫోన్ అందకపోతే నిమిషానికి ఆరుసార్లు ఈల వేయాలి లేదా టార్చి వెలిగించాలి, ఒక నిమిషం ఆగి మళ్లీ ఆరుసార్లు. విన్నవాళ్లు నిమిషానికి మూడుసార్లు జవాబిస్తారు. 1869లో పుట్టిన జర్మన్ ఆల్పైన్ క్లబ్‌లో సభ్యత్వం తీసుకుంటే కొండ మీదినుంచి రక్షించి తెచ్చే ఖర్చుకు బీమా కూడా కలిసొస్తుంది. కొండలు అలవాటు చేసుకోదలచినవాళ్లు మొదట కొనాల్సింది అదీ, అడుగున పట్టున్న బూట్లూ. కెమెరా తర్వాత.

కెసెల్‌బెర్గ్ కనుమలో బస్సు దిగి, అడవిలోకి వంకర్లు తిరుగుతూ పోయే పాత గుర్రపు దారి పట్టుకున్నాం. వాలు ఎక్కువ ఉండదు. గుర్రం మీద రాజుగారు వెళ్లిన దారి మరి. ఆ రాజు రెండో లుడ్విగ్, కొండకొమ్మున నాయిష్వాన్‌ష్టైన్ కోట కట్టించి అప్పులపాలైనవాడు. హెర్ట్‌సోగ్‌ష్టాండ్ మీద ఉన్న రాజవిడిదికి ఆయన తరచూ వచ్చేవాడు. పుట్టినరోజుకు మాత్రం ఇంకో కొండ, త్సుగ్‌ష్పిట్సె దగ్గర షాహెన్. 1866 మీటర్ల ఎత్తున ఒక చెక్క ఇల్లు కట్టించుకున్నాడు. బయటినుంచి చూస్తే మామూలు స్విస్ ఇల్లు, పై అంతస్తు ఎక్కితే బంగారు పూత, రంగు అద్దాలు, నెమలి పింఛాలు, సుల్తాను కొలువులాంటి టర్కీ గది. ఆగస్టు 25న తన పుట్టినరోజు అక్కడ జరుపుకునేవాడు. పనివాళ్లకు టర్కీ దుస్తులు వేయించి, హుక్కా తాగుతూ తివాచీల మీద కూర్చోమనేవాడట. తాను మధ్యలో కూర్చుని పుస్తకం చదువుకునేవాడు. 1886లో, నలభై ఏళ్ల వయసులో, ష్టార్న్‌బెర్గ్ సరస్సులో శవమై తేలాడు. ఎలా పోయాడన్నది నేటికీ తగువే. జీతగాళ్లకు వేషాలు కట్టించి పుట్టినరోజు చేసుకున్న ఆ రాజు కథ నడుస్తూ చెబుతుంటే ఖార్కివ్ టీచరమ్మ ఒక్కటే అడిగింది, "వాళ్లలో ఒక్కరైనా కేకు అడిగారా?" అని.

నడక మనుషుల్ని త్వరగా దగ్గర చేస్తుంది. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు మాట ఆగితే ఇబ్బంది, నడుస్తున్నప్పుడు ఆగితే ఊపిరి తీసుకోవడమే. పైగా మాలో ఐదుగురికి ఉమ్మడి భాష పుట్టుకతో వచ్చింది కాదు, పరీక్ష కోసం నేర్చుకుంటున్నది. ఎవరి తప్పు ఎవరూ పట్టలేరు, ఒక్క బ్రెమెన్ అమ్మాయి తప్ప. ఆమెకూ ఎక్కుడు దారిలో అంత ఓపిక లేదు. ఊళ్లో పక్కింటివాళ్లను కూడా పలకరించని జర్మన్లు కొండదారిలో ఎదురైన ప్రతి మనిషికీ గ్రూస్ గోట్ అనో సెర్వుస్ అనో చెబుతారు. వెయ్యి మీటర్లు దాటాక ఎవరినీ మీరు అనక్కర్లేదన్నది కొండవాడుక. మా టీచరమ్మకు మాత్రం నోరు రాలేదు. నాకూ రాలేదు. ఆవిడ వయసు వాళ్లను నువ్వు అనే అలవాటు నాకు లేదు. తమ్ముడు తెలివిగా ఆవిణ్ని ఆంటీ అన్నాడు, జర్మన్లో అది చెల్లదని తెలిసీ.

ఆవులు అప్పటికే చాలామటుకు కిందికి దిగిపోయాయి. వేసవంతా ఎత్తు పచ్చికల్లో మేసిన మందల్ని సెప్టెంబరులో ఊళ్లోకి తోలుకొస్తారు. ఆ వేసవి మందలో ఏ ఆపదా జరగకపోతేనే నెత్తిన పూల కిరీటాలు కడతారు. మన కనుమ పండగ చూసినవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు.

పైకి చేరేసరికి ఫ్యోన్ వీస్తోంది. దక్షిణం నుంచి ఆల్ప్స్ దాటి దిగే వెచ్చటి పొడిగాలి అది. మ్యూనిక్ వాళ్లు తమ తలనొప్పులన్నీ దాని మీదికే తోస్తారు. కానీ ఆ గాలి ఉన్నరోజు కొండలు చేయిచాస్తే తగిలేంత దగ్గరగా కనిపిస్తాయి. ఉత్తరాన మైదానం, కింద కోహెల్ సరస్సు. దక్షిణాన వాల్హెన్ సరస్సు, దాని వెనక వరుసకట్టిన కార్వెండెల్ శిఖరాలు. వాల్హెన్ లోతు 190 మీటర్ల దాకా ఉంటుంది, రంగు నెమలి మెడ రంగు. ఈ రెండు సరస్సుల మధ్య ఎత్తు తేడా 200 మీటర్లు. ఆ తేడా చూసి ఊరుకోలేని ఆస్కర్ ఫన్ మిల్లర్ అనే ఇంజినీరు పైనీళ్లను గొట్టాల్లో కిందికి దింపి 1924లో విద్యుత్ కేంద్రం నడిపించాడు. సీలేరు వెళ్లినవాళ్లకు ఆ గొట్టాలు చూడగానే అర్థమవుతాయి. ఈ కరెంటు ఇంజినీరే మ్యూనిక్‌లోని డోయిచెస్ మ్యూజియం స్థాపించాడు.

ఇక్కడి రివాజు ప్రకారం శిఖరం తాకగానే ఒకరికొకరు చేతులు కలిపి బెర్గ్ హైల్ అనుకున్నాం. అప్పుడు సంచులు విప్పాం.

నా వంతు చింతపండు పులిహోర, ఒక మార్బుల్ కేకు. క్రీము కేకులు కొండప్రయాణానికి పనికిరావు. పులిహోర సంగతి వేరే చెప్పాలా? కాశీయాత్రల నుంచి రైలు ప్రయాణాల దాకా తెలుగువాళ్లను నడిపించిన తిండి అది, చల్లారినకొద్దీ రుచి. కరివేపాకు మాత్రం ఇక్కడ బంగారం లెక్కన కొనాలి. మిరపకాయ పక్కకు తీసేయాలని బ్రెజిల్ వంటవాడికి ఎవరూ చెప్పలేదు. అతను నమిలి మింగి, కళ్లు తుడుచుకుని, ఇంకొంచెం వడ్డించుకున్నాడు.

నేను తెచ్చానని వాళ్లు ఊరుకుంటారా? కొరియా అమ్మాయి ఫ్లాస్కు మూత తీస్తే పొగలు కక్కుతూ సముద్రపు నాచు సూప్. వాళ్ల దేశంలో బాలింతలకు పెట్టే పథ్యం అది. అందుకే ప్రతి పుట్టినరోజునా అదే తింటారు, కని పెంచిన తల్లి పడ్డ కష్టం తలచుకుంటూ. మన ఇళ్లలో పాయసం చేసేది పుట్టినవాళ్ల కోసం. కన్న తల్లి తిన్న కారప్పొడి, వెల్లుల్లి మెతుకులు మరెప్పుడూ ఎవరికీ గుర్తుకు రావు. ఆ సూప్ నాకు పెద్దగా నచ్చలేదు, నిజం చెప్పాలంటే చేపల తొట్టి వాసన. అయినా రెండు కప్పులు తాగాను. అమ్మకు ఫోన్ చేయాలనిపించింది తాగాకే.

శిఖరం మీద సిగ్నల్ మా ఇంట్లోకన్నా బాగుంది. అమ్మ ముందు చుట్టూ చూపించమంది. తర్వాత అడిగింది, "ఆ గుట్ట మీద గుడి ఉన్నదా బిడ్డా?"

"లేదమ్మా, సిలువ ఉంది."

"ఏదైతేంది. దండం పెట్టుకో. కొత్త బట్టలు తొడగలేదు కదా? పెత్రమాస దినాలు."

పితృపక్షంలో కొత్తవి తొడగకూడదు కదా, తొడగలేదని ప్రమాణం చేశాను. గుట్ట ఎక్కితే పైన దేవుడుండాలన్నది మా ఇంటి లెక్క. పద్మాక్షి గుట్టయినా, యాదగిరిగుట్టయినా ఎక్కేది దర్శనానికే. పుట్టినరోజున తిరుమల కొండెక్కే ఇళ్లు మనలో బోలెడు. ఏ మొక్కూ లేకుండా కొండెక్కి, కూర్చుని, తిని దిగడం అమ్మకు ఇంకా పనిలేని పనే.

కొవ్వొత్తి వెలిగించబోతే గాలికి నిలవలేదు. మనవాళ్ల మాటలో, కొండెక్కాక అదీ కొండెక్కింది. వెలగని కొవ్వొత్తినే ఊదించారు. ఖార్కివ్ టీచరమ్మ సంచికి కట్టి తెచ్చిన డాలియా పూలు ఇచ్చింది. లెక్కపెట్టాను, ఐదు. వాళ్ల దేశంలో బతికున్నవాళ్లకు పూలు బేసిసంఖ్యలోనే ఇస్తారు, సరిసంఖ్య చావుకు. మేం నూటపదహార్లు చదివిస్తామని గొప్పగా చెప్పబోయాను. "నూటపదహారు సరిసంఖ్య కదా," అంది లెక్కల టీచరు. నా దగ్గర జవాబు లేదు. తమ్ముడు మాత్రం, "అందుకే ఇప్పుడందరూ ఐదొందలు ఇస్తున్నారాంటీ," అన్నాడు. అదీ సరిసంఖ్యే.

బ్రెజిల్ కుర్రాడు కోకో, మిల్క్‌మెయిడ్ కలిపి ఉండలు కట్టిన బ్రిగదేరు మిఠాయి తెచ్చాడు. అది లేకుండా అక్కడ పుట్టినరోజు జరగదట. దాంతోపాటు ఒక చిక్కు కూడా తెచ్చాడు. వాళ్ల ఆచారంలో కేకు మొదటి ముక్క పుట్టినరోజు మనిషి తనకు అందరికన్నా ముఖ్యమైన ఒక్కరికి అందరి ముందూ ఇవ్వాలి. కొన్ని నెలల పరిచయం ఉన్న ఐదుగురు నా చేతి వైపు చూస్తున్నారు. ఇంటిదగ్గరైతే ఇది ఇరకాటమే కాదు. ఇక్కడ ఎవరికిచ్చినా మిగతావాళ్లకు లోటు. కొడుకుని దేశం దాటనివ్వక ఒంటరిగా వచ్చిన టీచరమ్మకు ఇచ్చాను. ఆవిడ ఆ ముక్కను సరిగ్గా ఆరు భాగాలు చేసి పంచింది. తర్వాత తమ దేశపు పద్ధతిలో టీ కప్పు ఎత్తి ఒక్కొక్కరూ నా గురించి ఒక మంచి మాట చెప్పి తీరాలంది. ఉక్రెయిన్‌లో ఊరికే తిని లేవనివ్వరు. కొరియా అమ్మాయి చెప్పిందల్లా, నేను తరగతిలో తప్పులు గట్టిగా మాట్లాడతాను కాబట్టి తనకూ మాట్లాడే ధైర్యం వచ్చిందని. ముప్ఫై ఏళ్లలో నన్ను ఆ సంగతికి మెచ్చుకున్నవాళ్లు లేరు.

కొత్త స్నేహితులతో ఉండే హాయి ఇక్కడే ఉందనుకుంటాను. వాళ్లకు మన పదో తరగతి మార్కులు తెలియవు, చెడిన సంబంధాలు తెలియవు. ఇంట్లోవాళ్లు మనల్ని మోసినంత కాలం మోయరు కాబట్టి బరువుగా చూడరు. అలాగని దీన్ని చుట్టరికంతో పోల్చి మురిసిపోను. ఈ ఊళ్లలో స్నేహాలకు వీసాలకున్నట్టే గడువుంటుంది. కోర్సు అయిపోతుంది, ఉద్యోగం బెర్లిన్‌కు మారుతుంది, యుద్ధం ఆగితే టీచరమ్మ రైలెక్కుతుంది. కొరియా అమ్మాయి అప్పటికే వెనక్కి వెళ్లే టికెట్ కొనుక్కుంది. గడువు ముందే తెలుసు కాబట్టే ఎవరూ వచ్చే ఏడు చూద్దాంలే అనరు. నాచు సూప్ ఫ్లాస్కులో మోసుకొస్తారు.

మేం కూర్చున్న శిఖరం నుంచి హైమ్‌గార్టెన్ శిఖరానికి సన్నటి గట్టు దారి ఉంది. ఇనుప తాళ్లు పట్టుకుని నడిచే చోట్లున్నాయి. తమ్ముడు ఫొటోల కోసం ఉబలాటపడ్డాడు. వాడి తెల్లబూట్లు చూపించి వద్దన్నాం. దిగుతూ కొండవిడిదిలో ఆగి కైజర్‌ష్మారెన్ చెప్పాం, చిదిమి చక్కెర చల్లిన మందపాటి దోసెలాంటిది. కొండ మీద కార్డు నడవని విడిదులు చాలా ఉంటాయని నోట్లు పెట్టుకునే వెళ్లాను. బిల్లు నాదే, ఆచారం ప్రకారం. ఎవరూ మొహమాటానికి కూడా పర్సు తీయలేదు. మన హోటళ్లలో బిల్లు దగ్గర జరిగే ఆ చేతులు పట్టుకుని లాగే యుద్ధం లేకపోవడం ఎంత సుఖమో.

అక్టోబరులో, దసరా నవరాత్రుల్లో, ఆశ్వయుజ శుద్ధ పంచమి వచ్చింది. తిథి ప్రకారం అది నా అసలు పుట్టినరోజు. అమ్మ భద్రకాళి గుడిలో నా పేర అర్చన చేయించి మళ్లీ ఫోన్ చేసింది. ఆ రోజు ఆఫీసుకు రవ్వకేసరి పట్టుకెళ్లి, మెయిల్‌లో సంగతి వివరించాను. చంద్రుడి లెక్క, సూర్యుడి లెక్క వేరని, మాకు ఏటా రెండుసార్లు వస్తుందని. మా విభాగం పెద్దాయన కేసరి గిన్నె అడుగు గీకుతూ అంతా శ్రద్ధగా విన్నాడు. మరుసటి వారం సమావేశంలో ఎజెండా ముగిశాక ఒక అంశం చేర్చారు. నేను ఇకపై ఏటా రెండుసార్లు తేవాలని, రెండోసారి కూడా కేసరే ఉండాలని.